జాంబీకి 5, దయ్యానికి 17

ఆ ఆదివారం మా డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నేను నడిపిన దయ్యం నాలుగు రౌండ్లకే చచ్చింది. అప్పటికే చచ్చినదాన్ని మళ్లీ చచ్చిందనడం ఎలా ఉన్నా, జరిగింది మాత్రం అదే. మూడు వారాలుగా దాని కథ అల్లుకున్నాను. పాడుబడిన కోటలో, యుద్ధానికి వెళ్లిన కొడుకు తిరిగి వస్తాడని కిటికీ దగ్గర నిలబడి నిలబడి ప్రాణం వదిలిన తల్లి. తీరా ఆటలో అది గోడలోంచి వచ్చింది, ఒకరిని తాకింది, దెబ్బలు తిన్నది, మాయమైంది. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఏమీ అనలేదు. వడ్డించిన కూరను ఎవరూ రెండోసారి అడగనప్పుడు వండినవాడికి అర్థమైనట్టే నాకూ అర్థమైంది.

పాచికలు సంచిలో వేసుకుంటుండగా, మాలో అందరికంటే చిన్నవాడు నా కాగితంలోకి తొంగిచూసి అడిగాడు: "అన్నా, దయ్యానికి ఆకర్షణ 17 అని ఉందేమిటి? మరీ అంత అందంగా ఉంటుందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఇన్నేళ్లుగా ఆట నడిపే డంజియన్ మాస్టర్‌నని చెప్పుకుంటూ, ప్రతి మాన్‌స్టర్ పేరు కిందా ఉండే ఆరు అంకెల్లో ఆఖరిదాన్ని నేను ఎన్నడూ చదవలేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెలియనివారికి రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు, తేలని చోట పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రకూ, ఎదురయ్యే ప్రతి జీవికీ ఆరు లక్షణాలు. మామూలు మనిషికి ఏ లక్షణమైనా 10 అనుకోండి. మేము తెలుగులో ఆడతాం కాబట్టి ఆ ఆరింటికీ పేర్లు పెట్టుకున్నాం: బలం, చురుకు, దారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. మొదటి ఐదింటితో ఎప్పుడూ పేచీ రాలేదు. ఆరోదాని అసలు పేరు కరిజ్మా. దానికి ఆకర్షణ అని పేరు పెట్టింది నేనే. తప్పు అక్కడే మొదలైంది.

అయితే తప్పు నా ఒక్కడిదే కాదు. ఈ ఆరో లక్షణం పుట్టినప్పటి నుంచీ తానేమిటో తేల్చుకోలేక తిరుగుతోంది. 1974లో ఆట సృష్టికర్తలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మొదటి పుస్తకాలు తెచ్చినప్పుడు దాని పని ప్రధానంగా నౌకర్ల లెక్క. నీ కరిజ్మా ఇంత, కాబట్టి నీ వెంట ఇంతమంది అనుచరులు వస్తారు, ఇంత నమ్మకంగా ఉంటారు. దాంతోపాటు ఒక విచిత్రమైన వాక్యం కూడా ఉంది: మంత్రగత్తె ఒక వీరుణ్ణి పట్టుకుంటే పందిగా మార్చాలా, ప్రియుడిగా ఉంచుకోవాలా అన్నది తేల్చడానికి ఈ లక్షణం పనికొస్తుందట. అంటే తొలినాడే రెండు అర్థాలు, నాయకత్వం ఒకటి, మోహం ఒకటి. 1985లో ఎవరికో విసుగు పుట్టి అందాన్ని విడదీసి ఏడో లక్షణం చేశారు. అది నిలబడలేదు. నిలబడకపోవడమే మంచిది, అందానికి పాచిక వేసే ఆట నాకక్కర్లేదు.

ఇదంతా ఆటగాళ్ల పాత్రల గొడవ. మాన్‌స్టర్ల సంగతి వేరు. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ తిరగేస్తే ప్రతి జీవికీ తెలివి ఎంతో చెప్పే వరుస ఉంటుంది, కరిజ్మాకు వరుసే ఉండదు. మాన్‌స్టర్ అంటే కొట్టేది, కొట్టించుకునేది. దానికి వ్యక్తిత్వం ఏమిటన్న ధోరణి. 2000లో మూడో ఎడిషన్ వచ్చినప్పుడే ప్రతి జీవికీ ఆరు లక్షణాల వరుస ఇచ్చారు. ఇచ్చాక ప్రశ్న తప్పలేదు. కప్పకు కరిజ్మా ఎంత? రాతిబొమ్మకు? జిగురుముద్దకు?

దీనికి ఆ ఎడిషన్ ఇచ్చిన జవాబు ఆటల పుస్తకంలో చదువుతున్నానా, వేదాంతం చదువుతున్నానా అనిపించేలా ఉంటుంది. తాను వేరు, తాను కానిది వేరు అని గుర్తించగల ప్రతి జీవికీ కనీసం 1 కరిజ్మా ఉంటుంది. అసలు కరిజ్మాయే లేనిది జీవి కాదు, వస్తువు. అంతే. అందం లేదు, మాటకారితనం లేదు, నౌకర్లు లేరు. 'నేను' అనేది ఉందా లేదా, ఉంటే ఎంత గట్టిగా ఉంది అన్నదే లెక్క.

నా వాదమంతా ఈ ఒక్క నియమం మీద నిలబడి ఉంది. మాన్‌స్టర్ల విషయంలో కరిజ్మాను ఇలాగే చదవాలి. ఇలా చదివితే అంతవరకూ తలాతోకా లేనట్టున్న అంకెలు మాట్లాడటం మొదలుపెడతాయి.

ఐదో ఎడిషన్, 2014 పుస్తకం తీసుకోండి. నా దగ్గర ఉన్నది అదే. రాతితో చేసిన గోలెమ్‌కు తెలివి 3, వివేకం 11, కరిజ్మా 1. నగరాలను నేలమట్టం చేసే టరాస్క్ అనే మహాజంతువుకు తెలివి 3, వివేకం 11, కరిజ్మా 11. మొదటి రెండు అంకెలూ అచ్చం ఒకటే. ఇద్దరూ సమానంగా మొద్దులే. తేడా అంతా ఆరో అంకెలో ఉంది. గోలెమ్ ఒకరు చేసిన వస్తువు, ఒకరి ఆజ్ఞ మీద కదులుతుంది, ఆజ్ఞ లేకపోతే గోడలో మరో రాయి. టరాస్క్‌కు ఆజ్ఞ ఇచ్చేవాడు పుట్టలేదు. మధ్యలో జాంబీని పెట్టండి: దాని తెలివి కూడా 3, కరిజ్మా 5. ఒకప్పుడు మనిషి, ఇప్పుడు మరొకరి పనివాడు. ఎంత మిగిలిందో అంతే.

ఇక చచ్చీ చావని జీవులను వరుసగా నిలబెడితే నిచ్చెన కనిపిస్తుంది. జాంబీ 5, అస్థిపంజరం 5, పీనుగులు తినే ఘూల్ 6, షాడో 8, స్పెక్టర్ 11, వైట్ 15 (రంగు కాదు, పాత ఇంగ్లీషు మాట), రెయిత్ 15, చావును దాటిన మాంత్రికుడు లిచ్ 16, ఘోస్ట్ (మన కథలోని దయ్యం) 17, రక్తం తాగే వాంపైర్ 18. ఇది ప్రమాదం ఎక్కువతక్కువల వరుస కాదు. అలాగైతే ఘోస్ట్ కంటే వేయిరెట్లు భయంకరమైన లిచ్ దాని కింద ఎందుకు ఉంటుంది? అందం వరుస అంతకన్నా కాదు, రెయిత్‌కు ముఖమే సరిగా ఉండదు. చచ్చాక ఎవరిలో 'నేను' ఎంత మిగిలింది అన్నదే ఆ వరుస. అస్థిపంజరంలో ఎముకలు మిగిలాయి. ఘూల్‌లో ఆకలి మిగిలింది. ఘోస్ట్‌లో శరీరం తప్ప మిగతాదంతా మిగిలింది.

పాత నియమాలు ఈ మాటను ఇంకా సూటిగా చెప్పాయి. 2003 నాటి సవరించిన మూడో ఎడిషన్‌లో దేహం లేని జీవిని దెబ్బల నుంచి కాపాడే కవచం దాని కరిజ్మాయే. ఆ ఎడిషన్ నుంచి చీలి 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ ఒక అడుగు ముందుకేసి, చచ్చీ చావని జీవులన్నింటికీ దారుఢ్యం స్థానంలో కరిజ్మానే వాడమంది. ప్రాణం ఎంత గట్టిదో కరిజ్మాను బట్టి లెక్కగట్టాలి. రక్తమాంసాలు లేనప్పుడు మనిషిని విడిపోకుండా నిలిపి ఉంచేది ఏమిటి? పట్టుదల. ఐదో ఎడిషన్ ఈ నియమాలను వదిలేసింది, ఘోస్ట్‌కు కూడా మామూలుగా దారుఢ్యం 10 ఇచ్చేసింది. నాకు ఇప్పటికీ అది బాధే.

పట్టుదల అన్న మాట రాసినప్పుడే నాకు దారి దొరికింది. తెలుగులో కరిజ్మాకు ఆకర్షణ, తేజస్సు, వర్చస్సు అని ఏవేవో వెతుక్కున్నాను. ఒక్కటీ జాంబీకి అతకదు, "జాంబీ వర్చస్సు 5" అంటే వినడానికే బాగుండదు. కావలసిన మాట ఇంట్లోనే ఉంది: పట్టు. ఊరి మీద పట్టున్న మనిషి అంటాం, పదిమంది అతని మాట వింటారు. పట్టు విడవని మనిషి అంటాం, ఎవరేమన్నా తాను కదలడు. దయ్యం పట్టింది అంటాం, ఒకరి ఒంట్లోకి మరొకరు దూరి కూర్చున్నారు. ఆట ఇన్ని ఎడిషన్లుగా విడదీయలేక తికమకపడుతున్న మూడు అర్థాలూ మన ఒక్క మాటలో ఎప్పటి నుంచో కలిసే ఉన్నాయి.

ఘోస్ట్ నియమాలు చూడండి. అది ఒక మనిషిని ఆవహించబోతే ఆ మనిషి పాచిక వేసి కనీసం 13 తెచ్చుకోవాలి. పాచికకు కలిపేది వివేకం కాదు, కరిజ్మా. మరో లోకం నుంచి వచ్చినదాన్ని వెనక్కి తరిమే బానిష్‌మెంట్ మంత్రానికి ఎదురు నిలిచేదీ కరిజ్మాయే. వాంపైర్ కళ్లలోకి చూసి మోహంలో పడకుండా ఉండాలంటే మాత్రం వివేకం కావాలి. తేడా గమనించారా? మనసు చెదరకుండా కాపాడేది వివేకం. ఉన్న చోటు నుంచి తోసేయకుండా, అది ఒళ్లు కావచ్చు, లోకం కావచ్చు, కాపాడేది పట్టు. దయ్యం మీ ఒంట్లోకి రాబోతున్నప్పుడు ఆ ఒళ్లు ఎవరిదన్న దావాలో ఇద్దరి పట్టూ తేలుతుంది. బేతాళ కథలు వింటూ పెరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? చెట్టు మీది శవానికి ఏ శక్తీ లేదు, మహా అయితే 5. అందులో దూరి కథలు చెప్పేవాడిది ఒక పట్టు, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి భుజాన వేసుకునేవాడిది ఇంకో పట్టు.

నా తప్పు ఇప్పుడు నాకు స్పష్టం. ఆ తల్లి దయ్యాన్ని నేను గోళ్లతో నడిపాను. 7 బలం ఉన్నదాన్ని కొట్లాటలోకి దింపి, 17 పట్టును కాగితం మీదే వదిలేశాను.

మొదటి అర్థం, అంటే పదిమంది మీద పట్టు, మాన్‌స్టర్లలో ఏమైంది? అది పోలేదు, చాటుగా తిరిగి వచ్చింది. రెయిత్ అప్పుడే హింసకు గురై చచ్చినవారి నుంచి స్పెక్టర్లను లేపుతుంది, ఒకేసారి 7 దాకా దాని చెప్పుచేతల్లో ఉంటాయి. 15 పట్టు 11 పట్టును ఏలుతోంది. వైట్ చేతిలో చచ్చినవారు జాంబీలై లేస్తారు, 12 దాకా. 15 కింద 5. వాంపైర్ 18, అది తయారుచేసుకున్న సేవకులు 12. 1974లో నౌకర్ల సంఖ్య తేల్చిన లక్షణం చావు దాటాక కూడా నౌకర్లనే లెక్కపెడుతోంది. రూపకర్తలు దీన్ని కావాలని చేశారని నేను అనను. కానీ అంకెలు అలా ఉన్నాయి, నా ఆటకు అంతకంటే ఏం కావాలి?

బతికున్న వాటిలో నాకు ఇష్టమైన ఉదాహరణ గోబ్లిన్ అనే పొట్టి జాతి నాయకుడు. మామూలు గోబ్లిన్‌కు 8, నాయకుడికి 10. రెండే రెండు ఎక్కువ. అయినా వాడికి ఒక ప్రత్యేక విద్య ఉంది: తన మీదికి దెబ్బ వస్తుంటే పక్కనున్న గోబ్లిన్‌తో చోటు మార్చుకుంటాడు, దెబ్బ వాడు తింటాడు. ఒక జాతి రాజకీయమంతా ఈ ఒక్క నియమంలో ఉంది. పక్కవాణ్ణి బలిపెట్టడానికి మహానాయకుడు కానక్కర్లేదు, రెండు పాయింట్లు చాలు. అదే ఓర్క్‌ల యుద్ధనాయకుడికి 16, అతని అనుచరులకు 10. అతను ముందు నడుస్తాడు, వాళ్లు వెనక అరుస్తూ వస్తారు. రెండు గుంపులనూ ఒకేలా నడిపే డంజియన్ మాస్టర్ ఆరో అంకె చదవలేదని అర్థం. చదవనివాళ్లలో నేనూ ఉన్నానని ముందే ఒప్పుకున్నాను.

ఇక మనవాడి సంగతి. ఈ ఆటలో రాక్షస అనే జీవి ఉంది, పేరు అదే, పలికే తీరు మాత్రం వారిది. 1977 పుస్తకంలో దీన్ని మొదట భారతదేశంలో ఎరిగినట్టు రాసి ఉంది. బొమ్మలో పులి తల, ఒంటిమీద దర్జా కోటు, చేతిలో పొగ పీల్చే గొట్టం. మంత్రించిన బాణం తగిలితే చస్తుంది. ఇవి మన పురాణాల్లో లేవని కోప్పడిన రోజులు నాకూ ఉన్నాయి. తర్వాత తెలిసింది, గైగాక్స్ దీన్ని 1974లో అమెరికా టీవీలో వచ్చిన ఒక భయానక ధారావాహిక భాగం నుంచి తీసుకున్నాడని. అందులోని రాక్షసుడు ఎదుటివాడు ఎవరిని నమ్ముతాడో ఆ రూపంలో దగ్గరికి వస్తాడు. 2014 పుస్తకంలో రాక్షసకు కరిజ్మా 20. మనసులు చదువుతుంది, వేషాలు మారుస్తుంది, మంత్రించి వశం చేసుకుంటుంది.

కోపం తగ్గాక అంకెను మళ్లీ చూశాను. వేషాలు మార్చే జీవి ఇంకొకటి ఉంది, డాపుల్‌గ్యాంగర్, దానికి 14. మారిన ప్రతి ముఖంతోనూ తాను కొంత కరిగిపోయే జీవికి 14 సరే. ఏ ముఖం తొడిగినా లోపల ఒక్క వెంట్రుక కదలనిదానికి 20 ఇవ్వాల్సిందే. కారణం మనది కాకపోయినా అంకె మనదే.

మనది ఏమిటంటే, సుందరకాండలో హనుమంతుడు తాళ్లతో కట్టుబడి రావణుడి కొలువులో నిలబడ్డ ఘట్టం. శత్రువు కొలువు, తన ప్రాణం వాళ్ల చేతుల్లో ఉంది. ఆ స్థితిలో హనుమంతుడు రావణుణ్ణి చూసి ఆశ్చర్యపోయాడు. ఆహా ఏమి రూపం, ఏమి ధైర్యం, ఏమి బలం, ఏమి కాంతి. ఈ అధర్మమే లేకపోతే ఇంద్రుడితో సహా దేవలోకానికే రక్షకుడయ్యేవాడు కదా అనుకుంటాడు. రావణుడు తనతో మాట్లాడకముందే, ఏ మంత్రమూ వేయకముందే ఇదంతా. వేషం వేయడం రావణుడికి రాదని కాదు, సీత దగ్గరికి సన్యాసిగానే వెళ్లాడు. కానీ మన కథ అతని పట్టును కొలిచింది వేషంలో కాదు, నిండు సభలో, శత్రువు కళ్లతో.

ఇక్కడ ఆట నడిపేవాడికి పెద్ద చిక్కు ఉంది. హనుమంతుడి మనసులో ఏముందో కవి చెప్పగలడు. నా ఆటగాడి పాత్ర మనసులో ఏముందో నేను చెప్పకూడదు. "ఈ రాజును చూసి నువ్వు చకితుడివయ్యావు" అన్నానంటే, "నేను కాలేదు" అంటాడు, వాడి హక్కు అది. పాచిక వేసి, రాక్షసుడి కరిజ్మా గెలిచింది కాబట్టి నువ్వు నమ్మాలి అంటే బల్ల దగ్గర మొహాలు మాడతాయి. నియమాలు కూడా డ్రాగన్ కల్పించే భయం లాంటి కొన్ని ప్రత్యేక శక్తులకే ఆ అనుమతి ఇస్తాయి. పెద్ద ఎర్ర డ్రాగన్ కరిజ్మా 21. దాని చుట్టూ 120 అడుగుల్లో ఉన్నవాళ్లు వణకకుండా ఉండాలంటే కనీసం 19 తెచ్చుకోవాలి, ఆ 19 లెక్కలో కరిజ్మా కలిసి ఉంటుంది. మిగతా జీవులకు ఆ వెసులుబాటు లేదు.

నేను కనిపెట్టిన ఉపాయం చిన్నది. మాన్‌స్టర్ పట్టును ఆటగాళ్ల మీద చూపించను, దాని చుట్టూ ఉన్నవాళ్ల మీద చూపిస్తాను. పట్టున్న నాయకుడు గదిలోకి రాగానే కాపలావాళ్లు మాట్లాడటం ఆపేస్తారు. అతను గాయపడితే వాళ్లు పారిపోరు, ఇంకా దగ్గరికి జరుగుతారు. పట్టులేని నాయకుడు పడిపోతే ముందు వాడి సంచీ మాయమవుతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, ఆటగాళ్లు తామే చూసి తామే లెక్క వేసుకుంటారు.

ఇంత వాదించాక అడ్డం తిరిగే అంకెలనూ చూపించాలి కదా. సింహానికి 8, పిల్లికి 7. ఊళ్లోని మామూలు మనిషికి 10. మృగరాజు అని పేరు పెట్టుకున్న జీవికి ఊరి చివర చెప్పులు కుట్టుకునేవాడికంటే తక్కువ పట్టా? పిల్లి విషయం ఇంకా అన్యాయం, పిల్లిని పెంచినవాళ్లెవరూ ఆ 7ను ఒప్పుకోరు. మా ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నాకు తెలుసు. జంతువుల దగ్గర పుస్తకం మళ్లీ పాత అర్థానికి, మనిషితో మాట కలపగల నేర్పుకు జారిపోయిందని నా అనుమానం. ఇంకొందరు మిత్రులు అసలు ఈ అంకెలన్నీ మంత్రాల లెక్కలకోసం పూరించిన ఖాళీలే, నువ్వు లేని అర్థం వెతుకుతున్నావు అంటారు. కావచ్చు. పంచాంగం రాసినవాడు ఏ ఉద్దేశంతో రాశాడన్నది కాదు, ముహూర్తం పెట్టుకునేవాడికి పని జరుగుతుందా లేదా అన్నదే నా లెక్క.

పోయిన నెలలో ఆ తల్లి దయ్యాన్ని వెనక్కి తెచ్చాను. కథ ప్రకారం తప్పేమీ లేదు, ఆమె కిటికీ ఇంకా అక్కడే ఉంది. ఈసారి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. కరిజ్మా 8 ఉన్న మా కత్తివీరుడి మీదికి వచ్చింది, పాచిక 6 పడింది. అతని పాత్ర కాగితాన్ని చేయి చాచి అడిగి తీసుకున్నాను. ఆ తర్వాత గంటన్నర పాటు ఆ వీరుడు కత్తి దించి కిటికీ దగ్గర నిలబడ్డాడు, మిగతా ముగ్గురిలో ఎవరు తన కొడుకో చెప్పమని అడుగుతూ. కత్తి ఎవరి మీదికీ లేవలేదు. ఇద్దరు వాదించారు. మా చిన్నవాడు కొడుకునని అబద్ధం చెప్పాడు. తర్వాత ఆ అబద్ధం నిలబెట్టలేక చాలా అవస్థపడ్డాడు.

ఇంటికి బయలుదేరుతూ తన కాగితం మీద ఆకర్షణ అన్న మాట కొట్టేసి పట్టు అని రాసుకున్నాడు. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "అన్నా, జాంబీకి 5 అన్నావు. శవాల ముక్కలు కలిపి కుట్టిన ఫ్లెష్ గోలెమ్‌కు కూడా పుస్తకంలో 5 ఉంది. మరి ఆ 5 ఎవరిది?" అన్నాడు.

వచ్చే ఆదివారం ఆడి చూద్దామన్నాను.